2000 మోడల్ జెడ్3లో పవర్ స్టీరింగ్ కూత, లీకు: పంపు బాగానే ఉందని తేలిన కేసు

కారు ఇంకా రోడ్డు మలుపులో ఉండగానే సౌండ్ వినపడింది, గేటు లోపలికి తిప్పుతుంటే సన్నగా మొదలై పెద్దదైపోయే కూత, స్టీరింగ్ నిటారుగా రాగానే తగ్గిపోయింది, మళ్ళీ పార్కింగ్ కోసం తిప్పితే ఈసారి మూలుగు. కారు బీఎండబ్ల్యూ జెడ్3, 2.8 ఇంజిన్, 2000 మోడల్, మైళ్ళు డెబ్బై ఒక్క వేలు దాటాయి. డాలస్ బయట రెండు లిఫ్టులతో నడిపే చిన్న వర్క్‌షాపు నాది, పాత జర్మన్ కార్లే ఎక్కువ చూస్తా. కారు తెచ్చినాయన గుంటూరు మనిషి, ప్లేనోలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, నన్ను అన్నా అని పిలుస్తాడు కాబట్టి నేనూ తమ్ముడూ అనే అంటా.

దిగీదిగగానే ఒక కాగితం చేతిలో పెట్టాడు. అంతకుముందు వేరే షాపులో చూపించాడంట, వాళ్ళు కింద జిడ్డు చూసి, కూత విని, పంపు పోయింది, ర్యాక్ (స్టీరింగ్ తిప్పితే ముందు చక్రాలని తిప్పే భాగం) కూడా లీక్ అవుతోంది, రెండూ మార్చాలి అని 2,400 డాలర్లు రాసిచ్చారు. "ఏం చెయ్యమంటావ్ అన్నా, కారు విలువలో నాలుగో వంతు ఇదే అయిపోతోంది, అమ్మేద్దామా అని మా ఆవిడ అంటోంది" అన్నాడు. మొహం చూస్తే అమ్మే మొహం కాదు. ఈ కారు అమెరికాలోనే, సౌత్ కరోలినాలోని స్పార్టన్‌బర్గ్ ఫ్యాక్టరీలో తయారైంది, 2002తో జెడ్3 ఆపేశారు, అంటే ఇక కొత్తవి రావు, ఉన్నవాటిని కాపాడుకోవడమే. ఇలాంటి కార్లకి ఏం పోయిందో తెలీకుండా అంచనా మీద సామాన్లు మార్చేస్తే ఓనర్ విసిగిపోయి స్క్రాప్‌కి పంపేస్తాడు, ఆ బాధ నాకు చాలా ఉంది, అందుకే ఈ కేసు మొత్తం వివరంగా రాస్తున్నా.

బానెట్ ఎత్తకముందు నాకు కావాల్సింది సమాధానాలు. కూత పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఎక్కువా వేడెక్కాక ఎక్కువా అంటే, పొద్దున బాగా ఎక్కువ, పది నిమిషాలు నడిపాక కొంచెం తగ్గుతుంది కానీ పోదు అన్నాడు. స్టీరింగ్ బరువెక్కుతుందా అంటే అప్పుడప్పుడు, మెల్లగా పార్క్ చేసేటప్పుడు ఒక్క క్షణం పట్టేసినట్టయి వదిలేస్తుందన్నాడు. ఆయిల్ ఎంత పోస్తున్నావంటే నెలకి అర సీసా. ఏ సీసా అని అడిగితే డిక్కీలోంచి తీసి చూపించాడు, పవర్ స్టీరింగ్ స్టాప్ లీక్, అది మూడో సీసా అంట. ఎవరు పొయ్యమన్నారంటే ముందు చూసిన షాపులోనే తాత్కాలికంగా పోసుకోమన్నారంట. సమస్య సగం ఎక్కడుందో నాకు అక్కడే అనుమానమొచ్చింది, కానీ అనుమానం మీద పానా పట్టకూడదు.

నేను పని నేర్చుకుంది విజయవాడ ఆటోనగర్‌లో, లారీల స్టీరింగ్ బాక్సులు విప్పే షెడ్డులో. మా మేస్త్రి స్టీరింగ్ కూస్తోందని ఏ బండి వచ్చినా ముందు ట్యాంకు మూత తీసి ఆయిల్ చూసేవాడు, వేలు ముంచి రుద్ది వాసన చూసేవాడు, తర్వాతే డ్రైవర్‌తో మాట్లాడేవాడు. ఇప్పటికీ నా మొదటి పని అదే. ఇంజిన్ నడుస్తుండగా జెడ్3 రిజర్వాయర్, అంటే స్టీరింగ్ ఆయిల్ ఉండే డబ్బా, మూత తీశా, లోపల ఉన్నది రాజమండ్రి రోజ్ మిల్క్ లాగా ఉంది, లేత గులాబీ రంగు, పైన నురుగు. ఈ కారు స్టీరింగ్‌లో పోసేది ఏటీఎఫ్, అంటే ఆటోమేటిక్ గేర్‌బాక్సుల ఆయిల్, అది మామూలుగా ఎర్రగా, అడుగు కనపడేంత తేటగా ఉండాలి, పాతదైతే గోధుమ రంగుకి తిరుగుతుంది, అంతే కానీ నురుగు రాకూడదు. నురుగు ఉందంటే ఆయిల్‌లోకి గాలి పోతోంది.

ఇంకో చిన్న పరీక్ష ఉంది, ఖర్చు లేదు, ఎవరైనా ఇంటి దగ్గర చేసుకోవచ్చు. ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ లెవెల్ గుర్తు పెట్టుకుని ఇంజిన్ ఆపి వెంటనే మళ్ళీ చూడాలి. లోపల గాలి లేకపోతే లెవెల్ దాదాపు కదలదు, గాలి ఉంటే ఒత్తిడి తగ్గగానే ఆ బుడగలు వ్యాకోచించి లెవెల్ పైకి లేస్తుంది. టొయోటా రిపేర్ మాన్యువల్స్‌లో దీనికి 5 మిల్లీమీటర్లు హద్దు పెట్టారు, నేను అన్ని కార్లకీ అదే లెక్క వాడతా. ఈ కారులో రెండు వేళ్ళ మందం లేచింది, మూత అంచు దాకా వచ్చేసింది, ఇంకో చుక్క పోస్తే పొర్లేది.

ఇక్కడ పంపు సంగతి కొంచెం చెప్పాలి, ఇది అర్థమైతే మిగతాదంతా సులువు. ఈ కార్లలో ఉండేది వేన్ పంపు, మధ్యలో తిరిగే రోటర్‌కి చిన్న చిన్న రేకులు గాళ్ళల్లో జారుతూ గోడకి ఆనుకుని తిరుగుతాయి, ఒక పక్క ఆయిల్ పీల్చి రెండో పక్క ఒత్తిడితో తోస్తాయి. తోసే పక్క పదుల బార్ల లెక్కలో (బార్ అంటే ఒత్తిడి కొలత) పెద్ద ఒత్తిడి ఉంటుంది, అక్కడ చిల్లు పడితే ఆయిల్ బయటికి వస్తుంది, అందరికీ కనపడుతుంది. పీల్చే పక్క మాత్రం తిరకాసు, రిజర్వాయర్ నుంచి పంపు దాకా వచ్చే ఆ లావు రబ్బరు హోస్‌లో ఇంజిన్ నడుస్తున్నప్పుడు ఒత్తిడి వాతావరణం కన్నా తక్కువకి పడిపోగలదు, ముఖ్యంగా పైన ఏదైనా అడ్డం పడితే. అక్కడ క్లాంపు వదులైతే నడిచేటప్పుడు ఆయిల్ బయటికి రాకుండా గాలే లోపలికి పోతుంది, ఇంజిన్ ఆపాక మాత్రం రాత్రంతా చెమ్మ పట్టి మెల్లగా కారుతుంది. అంటే ఒకటే చిల్లు పగలు కూత పెట్టిస్తుంది, రాత్రి మరక పెడుతుంది. ఆ గాలి బుడగలు పంపులో ఒత్తిడి పక్కకి వెళ్ళగానే నలిగి పేలతాయి, మనం వినే కూత అదే. జనం ఏమో పంపు అరుస్తోంది కాబట్టి పంపే పోయిందంటారు, ఊపిరాడక అరిచేవాడి గొంతు మార్చినంత పని అది.

కారు లిఫ్ట్ మీద ఎక్కించి కింద చూస్తే ఎడమ పక్క అంతా జిడ్డే, పంపు, దాని బ్రాకెట్, ఆల్టర్నేటర్ అడుగు, సబ్‌ఫ్రేమ్, ర్యాక్ మీద కూడా నల్లటి పొర. ఇంత జిడ్డులో ఎక్కణ్ణించి కారుతోందో చెప్పగలనని ఎవరన్నా అంటే నమ్మకండి. ముందు షాపు వాళ్ళు చేసిన పొరపాటు ఇక్కడే జరిగిందని నా అభిప్రాయం, తడిగా ఉన్నదల్లా లీకు కింద లెక్కేశారు. ఆయిల్ ఎప్పుడూ కిందికే పోతుంది, బండి నడుస్తుంటే గాలికి వెనక్కి కూడా పోతుంది, అంచేత తడిసిన చోట్లన్నిటిలో ఎత్తులో, ముందు వైపు ఎక్కడుందో అక్కడ మొదలుపెట్టాలి.

ఆల్టర్నేటర్‌కి ప్లాస్టిక్ కవర్ కట్టి డీగ్రీజర్ కొట్టి బ్రష్‌తో రుద్ది కడిగేశా. గంటన్నర పట్టింది, డబ్బులు తీసుకోని గంటన్నర, కానీ ఇది మానేస్తే మిగతా రోజంతా గుడ్డిగా వెతకడమే. ఆరాక రిజర్వాయర్‌లో యూవీ డై, అంటే యూవీ లైటుకి మెరిసే రంగు, కొంచెం కలిపి, ఇంజిన్ ఆయిల్‌లో మాత్రం ఏమీ కలపకుండా, తమ్ముణ్ణి ఒక నలభై మైళ్ళు తిప్పుకుని రమ్మన్నా. ఇంజిన్ ఆయిల్‌లో కలపకపోవడానికి కారణం ఉంది, పాతబడ్డ ఏటీఎఫ్, పాతబడ్డ ఇంజిన్ ఆయిల్ రెండూ గోధుమ రంగులో ఒకేలా ఉంటాయి, టిష్యూ మీద అద్ది రంగు చూసి చెప్పడం కుదరదు, ఒకదాంట్లోనే డై ఉంటే వెలిగింది స్టీరింగ్ ఆయిల్, వెలగంది వేరేది.

వచ్చాక లైటు ఆపి యూవీ టార్చి పెట్టి చూస్తే రెండు కథలు కనపడ్డాయి. రిజర్వాయర్ అడుగున హోస్ దూర్చే చోట పచ్చగా మెరుస్తున్న ఉంగరం, అక్కణ్ణించి ఒక దార హోస్ వెంట పంపు మీదకి. కానీ పంపు బ్రాకెట్ మీద అంతకంటే ఎక్కువ తడి ఉంది, అది అసలు వెలగట్లేదు. దాన్ని పైకి తరుముకుంటూ వెళ్తే ఆయిల్ ఫిల్టర్ హౌసింగ్ ఇంజిన్ బ్లాక్‌కి అతుక్కునే చోట తేలింది. ఈ కారులో ఉన్న ఎమ్52 రకం ఇంజిన్లు, తర్వాత వచ్చిన ఎమ్54 కూడా, వీటికి ఆ హౌసింగ్ గ్యాస్కెట్ ముసలిదైపోయి గట్టిపడి ఇంజిన్ ఆయిల్ కార్చడం చాలా మామూలు, పంపు సరిగ్గా దాని కిందే ఉంటుంది కాబట్టి ఆ ఆయిల్ అంతా పంపు మీదే పడుతుంది, చూసినవాళ్ళు పంపు లీక్ అంటారు. ఈ ఒక్క గ్యాస్కెట్ పుణ్యమా అని ఎన్ని మంచి పంపులు చెత్తబుట్టలోకి వెళ్ళాయో తల్చుకుంటే నిజంగా బాధేస్తుంది.

పంపు ఎదర సీలు పోయిందేమో కూడా చూశా, అది పోతే పుల్లీ వెనకనుంచి ఆయిల్ బయటికొచ్చి తిరిగే పుల్లీ దాన్ని చుట్టూ చిమ్ముతుంది, పుల్లీ తిరిగే వరసలోనే ఒక గీతలాగా పక్కనున్న వాటి మీద పడుతుంది. ఇక్కడ ఆ గీత లేదు, పుల్లీ వెనక పొడిగా ఉంది. ర్యాక్‌కి రెండు చివర్లా ఉండే రబ్బరు బూట్ల క్లాంపులు వదులు చేసి లోపల వేలు పెట్టి చూశా, ర్యాక్ చివరి సీళ్ళు పోతే ఆయిల్ బూటులో నిల్వ ఉంటుంది, క్లాంపు తియ్యగానే కారుతుంది. రెండూ పొడి, పాత గ్రీజు తప్ప ఏం లేదు. ర్యాక్ పైన ఉన్న జిడ్డు అంతా పైనుంచి పడిందే.

లీకు సంగతి అలా ఒక కొలిక్కి వచ్చింది, ఇక సౌండ్. ఇది వినడానికి ఓపిక కావాలి, ఎందుకంటే వస్తున్నది ఒక సౌండ్ కాదు రెండు. స్టీరింగ్ తిప్పితే పెరిగి వదిలితే తగ్గేది ఒకటి, అది హైడ్రాలిక్ సౌండ్. స్టీరింగ్ ముట్టుకోకుండా ఎక్స్‌లేటర్ ఇస్తే ఇంజిన్ స్పీడుతో పాటు సన్నగా పెరిగేది ఇంకొకటి, స్టీరింగ్ తిప్పినా దాంట్లో మార్పు లేదు. రెండూ కలిసి వినపడితే ఒకటే అనిపిస్తుంది, ఓనర్‌కి కూడా అలాగే అనిపించింది. ఈ ఇంజిన్‌లో పెద్ద బెల్టు ఆల్టర్నేటర్‌ని, వాటర్ పంపుని, పవర్ స్టీరింగ్ పంపుని తిప్పుతుంది, ఏసీకి వేరే బెల్టు. పెద్ద బెల్టు తీసేసి చల్లటి ఇంజిన్‌ని ఇరవై సెకన్లు మాత్రం నడిపా, అంతకంటే వద్దు, వాటర్ పంపు కూడా ఆగిపోయుంటుంది. రెండు సౌండ్లూ పోయాయి, అంటే రెండూ ఆ బెల్టు తిప్పేవాటి నుంచే. ఇంజిన్ ఆపి పుల్లీలు ఒక్కోటి చేత్తో తిప్పా. పవర్ స్టీరింగ్ పంపు మెత్తగా తిరిగింది, ఆల్టర్నేటర్ బాగుంది, బెల్టుని దారిలో ఉంచే ఐడ్లర్ పుల్లీ మాత్రం గరగరమంటూ గిర్రున తిరిగి ఆగట్లేదు, లోపల గ్రీజు ఎండిపోయిన బేరింగ్ అలాగే తిరుగుతుంది. రెండో సౌండ్ అదే.

ఇంత చూసినా పంపు బాగుందని కొలిచి చూపించకుండా చెప్పడం నాకు ఇష్టం ఉండదు. బెల్టు మళ్ళీ వేసి, పంపుకీ ప్రెజర్ హోస్‌కీ మధ్య గేజు, వాల్వు ఉన్న టెస్టర్ పెట్టా. వాల్వు మూస్తే పంపు తన రిలీఫ్ వాల్వు తెరుచుకునేంత ఒత్తిడి దాకా ఎక్కాలి, మూసి ఉంచేది ఐదు సెకన్ల లోపే, లేకపోతే పంపు మనమే చంపినవాళ్ళమవుతాం. పంపు లేబుల్ మీద 120 బార్ అని ఉంది, గేజు మీద 115 దాకా ఎక్కింది, అదీ గాలి కలిసిన ఆయిల్‌తో, ముల్లు వణుకుతూ. ఇరవై నాలుగేళ్ళ పంపు అది. తమ్ముణ్ణి పిలిచి గేజు చూపించా, ఫొటో తీసుకున్నాడు. స్టీరింగ్ చివరిదాకా తిప్పి పట్టుకుంటే వచ్చే బుస్సుమనే సౌండ్ కూడా రోగం కాదు, అది రిలీఫ్ వాల్వు తెరుచుకునే శబ్దం, కొత్త కారులోనూ వస్తుంది, కాకపోతే అలా పట్టుకుని కూర్చోకూడదు.

ఇప్పుడు విప్పడం. రిజర్వాయర్ తీసి చూస్తే కూతకి రెండో కారణం దొరికింది. ఈ బీఎండబ్ల్యూ రిజర్వాయర్లకి అడుగున ఫిల్టర్ జాలీ ఉంటుంది, అది విడిగా రాదు, మార్చాలంటే డబ్బా మొత్తం మార్చాలి. పాత డబ్బా కోసి చూపిస్తే జాలీకి నల్లటి మెత్తటి ముద్ద అతుక్కుని ఉంది, గోరుతో గీస్తే రబ్బరు. పీల్చే హోస్ కోసి చూస్తే లోపలి గోడ ఉబ్బి పొరలు లేచి ఊడిపోతోంది. స్టాప్ లీక్ సీసాల్లో రబ్బరుని మెత్తబరిచి ఉబ్బించే రసాయనం ఉంటుంది, సీలు ఉబ్బితే కాసేపు లీకు ఆగుతుందని దాని ఐడియా, అది సీలుకొకటి హోస్‌కొకటి అని తేడా చూపించదు కదా. ఇరవై నాలుగేళ్ళ హోస్ ఎలాగూ ముసలిదే, టెక్సస్ ఎండలో బానెట్ కింద వేడికి ఇంకా ముసలిదైపోయింది, కానీ మూడు సీసాలు దాన్ని తొందరగా చంపాయని నా నమ్మకం. ఆ ముద్ద జాలీని మూసేసింది, పంపుకి ఆయిల్ అందలేదు, అందక ఇంకా గట్టిగా పీలిస్తే వదులైన క్లాంపు సందులోంచి గాలి వచ్చింది. పొద్దున చల్లగా ఆయిల్ చిక్కగా ఉన్నప్పుడు కూత ఎక్కువ, వేడెక్కాక తగ్గేది కూడా ఇందుకే, పల్చబడ్డ ఆయిల్ ఆ జాలీలోంచి కాస్త తేలిగ్గా దిగుతుంది.

కొత్త రిజర్వాయర్, పీల్చే హోస్, రిటర్న్ హోస్ వేశా. ఫ్యాక్టరీలో వేసేది ఒకసారి నొక్కి వదిలేసే చెవి క్లాంపు, హోస్ ముడుచుకుపోయాక దానికి బిగింపు పెంచుకునే దారి లేదు, అందుకని స్క్రూ క్లాంపులు వాడా, అంచులు మడతపెట్టినవి, రబ్బరు కొయ్యవు. అవి కూడా మరీ బిగిస్తే రిజర్వాయర్ ప్లాస్టిక్ మూతి పగులుతుంది, చేతికి గట్టిగా తగిలి ఆగితే చాలు. పంపు దగ్గర బాంజో బోల్టు (హోస్‌ని పంపుకి బిగించే, మధ్యలోంచి ఆయిల్ పారే బోలు బోల్టు) విప్పాం కాబట్టి వాషర్లు కొత్తవి, పాత వాషర్ ఒకసారి నలిగాక మళ్ళీ పట్టదు, రెండు మూడు డాలర్ల సామాను దగ్గర పిసినారితనం చేస్తే మళ్ళీ అదే బోల్టు విప్పుకోవాలి. ఆయిల్ ఫిల్టర్ హౌసింగ్ గ్యాస్కెట్ కోసం ఆల్టర్నేటర్ తియ్యాలి, ఎలాగూ రిజర్వాయర్ బయట ఉంది కనక ఈ పని ఇప్పుడే చెయ్యడం న్యాయం, ఇంకోసారి చేస్తే కూలి రెండింతలు. హౌసింగ్ అంచు, బ్లాక్ అంచు ప్లాస్టిక్ గీకుడుతో శుభ్రం చేసి, పాత గ్యాస్కెట్ గాడిలోంచి పీకితే బిస్కెట్ లాగా ముక్కలు ముక్కలుగా వచ్చింది. కొత్తది పొడిగానే కూర్చోబెట్టి, సీలెంట్ ఏమీ రాయకుండా, బోల్టులు 22 న్యూటన్ మీటర్లకి బిగించా. ఐడ్లర్ పుల్లీ, బెల్టు కూడా మార్చా, ఆయిల్‌లో నానిన బెల్టు మళ్ళీ వెయ్యకూడదు.

ఫ్లషింగ్ మామూలుగా కంటే ఎక్కువ చేశా, స్టాప్ లీక్ అవశేషం ఎంత తక్కువ మిగిలితే ర్యాక్ సీళ్ళకి అంత మంచిది. రిటర్న్ హోస్ ఒక బాటిల్‌లోకి వదిలి, రిజర్వాయర్ రిటర్న్ మూతికి బిరడా పెట్టి, ముందు చక్రాలు గాల్లో ఉండగా, ఇంజిన్ ఆపే ఉంచి స్టీరింగ్ ఇటు చివర నుంచి అటు చివరకి తిప్పుతూ పైన కొత్త ఆయిల్ పోస్తూ ఉండాలి, ఇద్దరు మనుషుల పని. రెండు లీటర్లు పోయాక ఎర్రగా తేటగా రావడం మొదలైంది, నేను ఇంకో లీటరు పోయించా.

ఏ ఆయిల్ అనేది ఈ కార్లలో పెద్ద గొడవ. బీఎండబ్ల్యూలలో కొన్ని ఏటీఎఫ్‌వి, కొన్ని ఆకుపచ్చగా ఉండే సీహెచ్‌ఎఫ్ 11ఎస్ అనే హైడ్రాలిక్ ఆయిల్‌వి, రిజర్వాయర్ మూత మీద ఏది రాసుంటే అదే పొయ్యాలి, రెండూ కలపకూడదు. ఈ కారు మూత మీద ఏటీఎఫ్ అనే ఉంది, అప్పటి లెక్కలో డెక్స్‌రాన్ 3. జనరల్ మోటార్స్ 2006 చివరికల్లా డెక్స్‌రాన్ 3 లైసెన్సులు ఆపేసింది కనక ఇప్పుడు ఆ ప్రమాణానికి సరిపోతుందని సీసా మీద రాసుండే ఏటీఎఫ్ చూసి కొనుక్కోవాలి. ఇంకో మాట, వేరే కారు పాత రిజర్వాయర్ గానీ మూత గానీ తెచ్చి తగిలించినవాళ్ళుంటారు, మూత చదివి గుడ్డిగా నమ్మేముందు లోపలున్న ఆయిల్ రంగు కూడా ఒకసారి చూసుకోండి.

గాలి తియ్యడం దగ్గర చాలామంది తొందరపడతారు. ఆయిల్ నిండగానే ఇంజిన్ స్టార్ట్ చేస్తే పంపు ఆ మిగిలిన గాలిని మజ్జిగ చిలికినట్టు చిలికేస్తుంది, నురుగైపోయాక అది తేరడానికి గంటలు పడుతుంది. చక్రాలు గాల్లో, ఇంజిన్ ఆపి, మెల్లగా చివర నుంచి చివరకి ఇరవై సార్లు తిప్పించా, బుడగలు రావడం ఆగేదాకా, లెవెల్ పడిపోతుంటే పోస్తూ. తర్వాత పదిహేను నిమిషాలు ఏం ముట్టుకోకుండా వదిలేశా. అప్పుడు స్టార్ట్ చేసి, నిమిషం పాటు నిటారుగానే ఉంచి, తర్వాత మెల్లగా తిప్పితే కూత లేదు. ఇంజిన్ ఆపి లెవెల్ చూస్తే కదల్లేదు. తమ్ముడు డ్రైవింగ్ సీట్లో కూర్చుని ఊరికే అటూ ఇటూ తిప్పుతూ ఉన్నాడు, ఏమీ వినపడకపోయేసరికి ఇంజిన్ ఆన్‌లో ఉందా అని అడిగాడు.

ఇక్కడితో అయిపోతే బాగుండేది, కానీ వారం తర్వాత ఫోన్. "అన్నా, సౌండ్ లేదు గానీ గ్యారేజ్‌లో రూపాయి బిళ్ళంత మరక పడింది" అన్నాడు. ఆ రాత్రి నిద్ర సరిగ్గా పట్టలేదు, పంపు, ర్యాక్ బాగున్నాయని ఫొటోలు తీయించి మరీ చెప్పినవాణ్ణి నేనే కదా. మర్నాడు తెప్పించి యూవీ టార్చి పెడితే రిజర్వాయర్ దగ్గర పొడి, హౌసింగ్ దగ్గర పొడి, ర్యాక్ బూట్లు పొడి. ఇంజిన్ నడిపినా ఏం లేదు, అరగంట చూశా. అప్పుడు తట్టింది, నేను చూస్తున్నదంతా స్టీరింగ్ నిటారుగా, ఇంజిన్ ఐడిల్‌లో, అంటే ప్రెజర్ లైన్‌లో ఒత్తిడి చాలా తక్కువ. మొదటిసారి కూడా అలాగే చూశా, పైనుంచి పడ్డ రెండు ఆయిళ్ళ మధ్య ఈ మూడోది నాకు కనపడలేదు. కారు దింపి టైర్లు నేల మీద ఆనించి, వేడెక్కించి, తమ్ముణ్ణి బ్రేకు తొక్కి స్టీరింగ్ సగం దాకా తిప్పి వదుల్తూ మళ్ళీ తిప్పుతూ ఉండమని, నేను పక్కనుంచి అద్దం పెట్టి చూశా. ప్రెజర్ హోస్‌లో రబ్బరు ముక్క ఇనప పైపులోకి దూరి నొక్కేసి ఉండే చోట, ఆ క్రింపు దగ్గర, తిప్పిన ప్రతిసారీ సన్నటి చెమ్మ ఊరుతోంది, వదిలేస్తే ఆగిపోతోంది. మునుపు గాలి కలిసిన ఆయిల్‌తో లైన్‌లో ఒత్తిడి సరిగ్గా నిలిచేది కాదు, ఇప్పుడు పంపుకి నిండా ఆయిల్ అందేసరికి ఆ పాత క్రింపు తట్టుకోలేక బయటపడిందని నా అంచనా.

ఇలా చూసేటప్పుడు ఒక జాగ్రత్త, దయచేసి తేలిగ్గా తీసుకోవద్దు. ఒత్తిడి ఉన్న హోస్ మీద లీకు కోసం వేలు గానీ అరచెయ్యి గానీ పెట్టి తడమకండి. సూది మొనంత చిల్లులోంచి వచ్చే ఆయిల్ చర్మం చీల్చుకుని లోపలికి వెళ్ళిపోతుంది, బయటికి చిన్న గాటు తప్ప ఏం కనపడదు, లోపల కండ చచ్చిపోతుంది, గంటల్లో సర్జరీ చెయ్యకపోతే వేలు తియ్యాల్సి రావచ్చు. అట్టముక్క అడ్డం పెట్టి చూడాలి, కళ్ళద్దాలు పెట్టుకోవాలి. ఆయిల్ తుంపర వేడి ఎగ్జాస్ట్ మీద పడితే అంటుకోవచ్చు కూడా.

ప్రెజర్ హోస్ కొత్తది వేసి, రెండు చివర్లా బాంజో వాషర్లు కొత్తవి వేసి, మళ్ళీ అదే ఓపికతో గాలి తీశా. ఈ రెండో రోజు కూలి తీసుకోలేదు, హోస్ ఖరీదు మాత్రం తీసుకున్నా, మొదటిరోజే స్టీరింగ్ లోడ్ పెట్టి చూసుంటే ఒకేసారి అయిపోయే పని. మొత్తం కలిపి, ఇంజిన్ గ్యాస్కెట్ పని కూడా కలుపుకుని, ముందు రాసిచ్చిన దాంట్లో సగానికి తక్కువే అయ్యింది. అదే ఆ పంపు, ర్యాక్ మార్చుంటే ఏమయ్యేదో చూడండి, కొత్త పంపు కూడా అదే మూసుకుపోయిన జాలీలోంచి పీల్చుకుని మొదటి రోజు నుంచే కూసేది, దాని మీద పైనుంచి ఇంజిన్ ఆయిల్ పడుతూనే ఉండేది, ఐడ్లర్ గరగరమంటూనే ఉండేది, ప్రెజర్ హోస్ పాతదే ఉంచితే ఆ మరక కూడా అలాగే ఉండేది.

సెప్టెంబర్‌లో ఆయిల్ ఛేంజ్‌కి వచ్చినప్పుడు మళ్ళీ లిఫ్ట్ ఎక్కించి చూశా, మధ్యలో రెండు వేల మైళ్ళు తిరిగాడు, ఆస్టిన్ కూడా వెళ్ళొచ్చాడంట. యూవీ టార్చికి ఏం వెలగలేదు, రిజర్వాయర్ లెవెల్ జూన్‌లో నేను మార్కర్‌తో పెట్టిన గీత దగ్గరే ఉంది. ఆయిల్‌లో కొంచెం నలుపు కనిపించింది, ర్యాక్‌లో మిగిలిపోయిన పాత రబ్బరు అయ్యుంటుంది, అందుకని రిజర్వాయర్ ఖాళీ చేసి ఒక లీటరు కొత్త ఏటీఎఫ్ పోశా, ఇంకో ఆరు నెలలకి మళ్ళీ చూపించమన్నా.